పాత ట్రావెలర్ డైరీ: ముందు నీళ్లను ఆపాలి

మే నెలాఖరు, శ్రీకాకుళం

బండి పాత టెంపో ట్రావెలర్. పుణె కంపెనీ బజాజ్ టెంపో వాళ్లు మెర్సిడెస్ టీ1 వ్యాన్ ఆధారంగా తయారుచేసిన రకం. ఆ కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకుంది. ఇంజిన్ ఓఎం616: 4 సిలిండర్లు, 2.4 లీటర్లు. టర్బో లేదు, సెన్సర్లు లేవు, కంప్యూటర్ లేదు. పాత యజమాని దీన్ని మోటార్ క్యారవాన్‌గానే రిజిస్టర్ చేయించుకున్నారు. లోపల రెండు పడకలు, చిన్న వంట గట్టు, నీళ్ల ట్యాంకు, వెనకాల ఒక అల్మరా ఉన్నాయి. ఆయన కొన్నాళ్లు బాగా తిరిగి, తర్వాత కళింగపట్నం వైపు సముద్రానికి దగ్గర్లో ఒక షెడ్డు పక్కన ఆపేశారు. కొన్ని వానాకాలాలు అక్కడే గడిచాయి.

కొనడానికి కారణం అమ్మానాన్నలు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, రెండు గంటలు కూర్చుంటే ఓసారి నడుం వాల్చాలి. అమ్మకి బయట తిండి పడదు. ఇద్దరికీ పూరీ వెళ్లాలని ఉంది, భద్రాచలం వెళ్లాలని ఉంది. పడుకోవడానికీ వండుకోవడానికీ చోటున్న బండి ఉంటే ఆ ప్రయాణాలు వాళ్లకి శిక్షలా ఉండవు.

బండిని శ్రద్ధగా చూస్తూ ఒక కాగితం మీద లోపాలన్నీ రాసుకున్నాను. సీలింగ్ ప్లైవుడ్ ఉబ్బింది. నేల రేకు అక్కడక్కడా తుప్పు పట్టింది. డీజిల్ ఫిల్టర్ గిన్నె అడుగున నీటి బొట్లు ఉన్నాయి. రేడియేటర్‌లో ఎర్రటి బురద నీళ్లు. బ్రేక్ ఆయిల్ కాఫీ రంగులోకి తిరిగింది. వైర్ల చివర్లకి పచ్చటి చిలుము. రాయడం అయ్యాక జాబితా మొత్తం ఒక్క మాటే చెబుతున్నట్టు కనిపించింది. ఉండకూడని చోటికి నీళ్లు వెళ్లాయి, ఉండాల్సిన చోట మంచి నీళ్లు లేవు. అందుకని పని వరస మార్చుకున్నాను. సోలార్, ఫ్రిజ్, కొత్త పరుపులు అన్నీ వెనక్కి. ముందు నీళ్ల సంగతి తేలాలి.

జూన్ మొదటివారం: కప్పు

వానలు దిగేలోపు కప్పు పని అవ్వాలి. లీకు ఎక్కడుందో కనిపెట్టడమే ఇందులో కష్టం. నీళ్లు కారిన చోటికీ దూరిన చోటికీ సంబంధం ఉండదు. కప్పు మీద ముందువైపు దూరిన నీరు లోపలి ఇనుప పట్టీ వెంట పాకుతూ వచ్చి వెనక పడక మీద కారుతుంది. పైన కనిపించిన ప్రతి సందులోనూ సిలికాన్ పూసుకుంటూ పోవడం మనవైపు అందరూ చేసే పని. ఈ బండికీ అదే జరిగింది. పొర మీద పొర, మొత్తం మూడు రంగుల సిలికాన్ ఉంది. సిలికాన్ మీద ఇంకేదీ సరిగా అతకదు, రంగు కూడా నిలవదు. కాబట్టి ముందు పాతదంతా ప్లాస్టిక్ గరిటెతో గీకి తీయాలి. రేకు గీసుకుపోకుండా ఓపిగ్గా చేయాల్సిన పని అది.

లోపల సీలింగ్ ప్లైవుడ్ విప్పేశాం. మా ఆవిడ టార్చి పట్టుకుని లోపల కూర్చుంది, నేను బయట పైపుతో నీళ్లు పట్టాను. ఇక్కడ ఒక పద్ధతి పాటించాలి. నీళ్లు ఎప్పుడూ కింద నుంచి పైకి పట్టాలి. ముందు అద్దాల రబ్బర్లు, తర్వాత వాన నీటి గాడి, ఆ తర్వాత కప్పు అతుకులు, చివరికి గాలి కిటికీ. ఒక్కోచోట కనీసం పది నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదుగా జారి ఏది కారుతోందో తెలియదు.

మూడు చోట్లు దొరికాయి. కప్పు మధ్యలో బిగించిన గాలి కిటికీ చట్రం, లగేజీ క్యారియర్ కాళ్ల బోల్టులు రెండు, ఎడమవైపు అతుకులో పగిలిన పాత సీలు. గాలి కిటికీని పూర్తిగా ఊడదీసి, చట్రం కింద బ్యూటైల్ టేపు వేసి, మళ్లీ బిగించి, చుట్టూ పాలీయురేతేన్ సీలెంట్ పట్టించాను. టేపు తొందరగా గట్టిపడదు, బండి గతుకుల్లో ఊగినా దానితోపాటు సాగుతుంది. పైన సీలెంట్ నీటిని అంచు దగ్గరే ఆపుతుంది. రెండూ ఉండాలి. క్యారియర్ నాకు అవసరం లేదు, తీసేసి ఆ బెజ్జాలకి వెల్డింగ్ పెట్టించాను. కప్పుకి ఎన్ని తక్కువ బెజ్జాలుంటే అంత మంచిది.

సీలింగ్ లోపల వేడి ఆపడానికి గ్లాస్ ఊల్ కూరారు. అది తడిసి, బరువెక్కి, రేకుని లోపలినుంచి తినేసింది. మన తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ. కప్పు లీకు కాకపోయినా, రాత్రి చల్లబడిన రేకుకి లోపలివైపు చెమట పడుతుంది. నీళ్లు పీల్చే సరుకు ఏదైనా ఇక్కడ పనికిరాదు. దాని బదులు నైట్రైల్ రబ్బరు నురగ షీటు తెచ్చాను. పెద్ద ఏసీ పైపులకి చుట్టే నల్లటి సరుకు అది. అందులో గదులన్నీ మూసుకుని ఉంటాయి, నీరు పీల్చదు. రేకుకి సందు లేకుండా అంటించాలి, మధ్యలో గాలి ఉంటే అక్కడే చెమట చేరుతుంది.

జూన్ నెలాఖరు: సాలూరు

మా బావకి సాలూరులో లారీలున్నాయి. సాలూరు అంటే లారీలే. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దారి మీద ఉన్న ఆ ఊళ్లో సగం మంది బతుకు లారీ చుట్టూనే తిరుగుతుంది. 2022లో జిల్లాలు మారాక పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ, మాకు ఇప్పటికీ విజయనగరం సాలూరే. బాడీ కట్టే మేస్త్రులు, కమాన్ కట్టల (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల) వాళ్లు, లేత్ వాళ్లు, రేడియేటర్ వాళ్లు అందరూ ఒక్క రోడ్డులో దొరుకుతారు. పాత బండి ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి!

నేల కింద తుప్పు ఎంతవరకు పోయిందో చూడాలంటే బండిని ఎత్తి, గీకి చూడాల్సిందే. బావ చేతిలో చిన్న సుత్తి పెట్టాడు. “కొట్టుకుంటూ వెళ్లు బావా, మోతే చెప్పేస్తాది” అన్నాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పోయిన చోట మెత్తగా దబ్‌మంటుంది. చాసిస్ పొడవు పట్టీలు గట్టిగా ఉన్నాయి. అది చూశాక టెన్షన్ సగం తగ్గింది. పోయినవి నేల రేకుని మోసే అడ్డ పట్టీల చివర్లు, నీళ్ల ట్యాంకు కింద రేకు, మెట్టు దగ్గర మూల.

టింకరింగ్ మేస్త్రి పోయినంత మేర కోసి, కొత్త రేకు అతికారు. తుప్పు మీద పుట్టీ పెట్టి రంగేస్తే ఆరు నెలలు అందంగా ఉంటుంది, లోపల పని కొనసాగుతూనే ఉంటుంది. ఆయన ఆ మాట ఎత్తనే లేదు, నేరుగా గ్రైండర్ తీశారు. అలాంటి మేస్త్రి దొరకడం నా అదృష్టం. వెల్డింగ్ అయ్యాక జింక్ ప్రైమర్, దాని మీద చాసిస్ పెయింటు, పట్టీల లోపలి బోలు భాగాల్లోకి సన్నటి గొట్టంతో మైనం కలిసిన నూనె.

లారీల వాళ్లు చాలామంది వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ని చాసిస్‌కి పూస్తారు. తుప్పుని అది కొంత ఆపుతుంది, నిజమే. నాకు మాత్రం ఇష్టం లేదు. అది రబ్బరు బుష్షులని ఉబ్బిస్తుంది, దుమ్ముని పట్టుకుంటుంది, వాన పడితే కారి మట్టిలోకి పోతుంది. ఇల్లులా వాడే బండి ఎక్కడో పొలం పక్కనో నది ఒడ్డునో ఆగుతుంది. అక్కడ నూనె మరకలు వదిలి రాకూడదు.

ఇకమీదట బీచ్‌కి వెళ్లి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కింద భాగం కడగాలని నియమం పెట్టుకున్నాను. ఉప్పు గాలి కంటికి కనిపించదు, పట్టీల మీద పేరుకుంటుంది, తేమని లాగుతుంది.

జూలై: డీజిల్

చాలాకాలం సగం ట్యాంకుతో నిలిచిన బండిలో, పైనున్న ఖాళీలో గాలి చెమ్మ చేరి నీరవుతుంది. డీజిల్ కంటే నీరు బరువు, అడుగుకి దిగుతుంది. ఆ రెండూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. మా ట్యాంకు దించి బోర్లించితే అదే వచ్చింది. ట్యాంకు కడిగించి, ఎండబెట్టి, లోపల టార్చి వేసి చూసి, మళ్లీ ఎక్కించాం. రబ్బరు పైపులన్నీ కొత్తవి. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకి ముందు నీళ్లు వేరుచేసే ఫిల్టర్ ఒకటి అదనంగా పెట్టాను. దాని అడుగున చిన్న కుళాయి ఉంటుంది, విప్పితే నీరు బయటికి పోతుంది. నేను చేసిన మార్పుల్లో అతి చవకైనదీ, ఎక్కువ ధైర్యం ఇచ్చిందీ ఇదే.

తర్వాత ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే పెద్ద పంపు. శ్రీకాకుళంలో డీజిల్ పంపుల పని చేసే పెద్దాయన ఒకరున్నారు. పంపు విప్పి బల్ల మీద పెట్టగానే, “ఇది మైకో పంపు బాబూ. దీనికి సుబ్బరమైన డీజిలు పోస్తే సాలు, మనకంటే ఎక్కువ కాలం ఉంటాది” అన్నారు. బెంగళూరులో 1951లో మొదలైన మైకో 2008లో బాష్‌గా పేరు మార్చుకుంది. అయినా మన మేస్త్రుల నోట పంపు అంటే మైకోనే.

ఆయన్ని ఒక విషయం అడిగాను. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 డీజిలే. అందులో సల్ఫర్ 10 పీపీఎంకి (పది లక్షల్లో పది వంతులకి) తగ్గింది, అంతకుముందు బీఎస్4లో 50 ఉండేది. సల్ఫర్ తీసే క్రమంలో డీజిల్‌కి సహజంగా ఉండే జారుడుగుణం కొంత పోతుంది. అందుకు రిఫైనరీలోనే మందు కలుపుతారు. మరి పాత పంపు తట్టుకుంటుందా? ఆయన విప్పి చూపించారు. మాది ప్లంజర్లన్నీ ఒకే వరసలో ఉండే లైన్ పంపు, అందులో కింద ఉండే కామ్ షాఫ్ట్ ఇంజిన్ ఆయిల్‌లో తిరుగుతుంది. డీజిల్‌తో తడిసేది పైనుండి దాన్ని నెట్టే ప్లంజర్లు మాత్రమే. ప్లంజర్లు బాగానే ఉన్నాయి. పాత రబ్బరు సీళ్లు మాత్రం గట్టిపడిపోయాయి, అక్కడే చెమ్మగిల్లుతోంది. సీళ్లన్నీ మార్చారు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ టెస్టింగ్ మిషన్ మీద పెడితే రెండు సరైన పొగమంచులా కొట్టాయి, రెండు బొట్లు కార్చాయి. నాలుగూ మార్పించాను. ఒకటి రెండు మార్చి మిగతావి పాతవి ఉంచితే ఇంజిన్ నాలుగు కాళ్ల మీద సమంగా నడవదు.

బిగించాక లైన్లో గాలి తీయాలి. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి శుద్ధ డీజిల్ వచ్చేదాకా. తర్వాత నాజిల్ పైపుల నట్లు వదులుచేసి సెల్ఫ్ కొట్టడం. 1-3-4-2 వరసలో ఒక్కొక్కటే పలుకుతూ ఇంజిన్ అందుకుంది. తెల్ల పొగ తగ్గింది.

ఆగస్టు: టాపెట్లు, హీటర్ ప్లగ్గులు, రేడియేటర్

టాపెట్ సందు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ, చల్లటి ఇంజిన్ మీద ఇన్‌టేక్‌కి 0.10 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 0.30 మి.మీ. ఎనిమిది వాల్వులు. వీటికి వంపు తిరిగిన 14 నంబరు స్పానర్లు రెండు కావాలి, మామూలువి పట్టవు. లేత్ దగ్గర ఒక జత వంచి ఇచ్చారు. కొన్ని ఎగ్జాస్ట్ వాల్వులకి సందు బాగా తగ్గిపోయి ఉంది. అలా వదిలేస్తే వాల్వు పూర్తిగా కూర్చోదు, సెగ తగిలి అంచు కాలిపోతుంది. టకటకమనే చప్పుడు ఉంటే జనం భయపడతారు గానీ, ఈ ఇంజిన్లో చప్పుడు లేని బిగువు టాపెట్టే ఎక్కువ ప్రమాదం.

ఓఎం616 ముందుగది ఉన్న ఇంజిన్. డీజిల్ నేరుగా సిలిండర్లోకి కాకుండా పక్కన ఉండే చిన్న గదిలోకి పడుతుంది. ఆ గది చల్లగా ఉంటే అంటుకోదు, అందుకే మన ఎండల ఊళ్లో కూడా తెల్లవారి స్టార్టింగ్‌కి ఆ గదిని ముందే వేడిచేసే హీటర్ ప్లగ్ కావాలి. మల్టీమీటర్‌తో చూస్తే మంచి ప్లగ్గు ఒక ఓమ్ లోపు చూపిస్తుంది, కాలిపోయినది అసలు దారే ఇవ్వదు. రెండు పోయాయి. మార్చాక తెల్లవారుజామున కూడా మొదటి సెల్ఫ్‌కే అందుకుంటోంది.

రేడియేటర్‌లో ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోసినట్టున్నారు. ఆ నీటిలో ఉండే సున్నం గొట్టాల లోపల పొరలా కడుతుంది, మామూలు నీరు ఇనుముని తుప్పు పట్టిస్తుంది. ఇది రాగి, ఇత్తడి రేడియేటర్ కాబట్టి పై గిన్నె విప్పించి, గొట్టాల్లో కమ్మీలు తోయించి, మళ్లీ టంకం పెట్టించగలిగాం. కొత్త అల్యూమినియం, ప్లాస్టిక్ రేడియేటర్లతో ఈ అవకాశం లేదు. థర్మోస్టాట్, హోసులు, ఫ్యాన్ బెల్టు, మూత మార్చాను. మూత చిన్న వస్తువే గానీ దాని స్ప్రింగు ఒత్తిడి నిలపడం వల్లే లోపలి నీరు 100 డిగ్రీల దగ్గర మరగకుండా 120 దగ్గరి దాకా ఆగుతుంది. వదులైన మూతతో ఘాట్ ఎక్కడం అంటే కావాలని హెడ్ ప్యాకింగ్ కాల్చుకోవడమే. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాం.

ఈ బండిలో ఇంజిన్ కొంత క్యాబిన్ లోపలికి వస్తుంది, డ్రైవర్ పక్కనే దాని డబ్బా. ఆ డబ్బా లోపల వేడినీ చప్పుడునీ ఆపే షీటు అతికించాను. నాన్న ముందు సీట్లో కూర్చుంటే కాళ్లకి సెగ తగలడం తగ్గింది, మాట కూడా వినపడుతోంది.

సెప్టెంబర్: బ్రేకులు

ఇది తక్కువ రాస్తాను, పని మాత్రం తక్కువ కాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. డాట్ 3, డాట్ 4 అని దాంట్లో రకాలు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ లెక్క 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. ఘాట్ దిగుతూ బ్రేక్ తొక్కుతూనే ఉంటే చక్రాల దగ్గర ఆ వేడి పుడుతుంది, ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకి అంటుతుంది. ఇంత ప్రాణాంతకమైన విషయాన్ని మనం ఏళ్ల తరబడి పట్టించుకోం. మాస్టర్ సిలిండర్ కిట్, చక్రాల సిలిండర్లు, రబ్బరు హోసులు, కొత్త డాట్ 4. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలని డోర్ లోపల పెయింటుతో రాసి పెట్టాను.

డీజిల్ ఇంజిన్‌కి బ్రేక్ బూస్టర్ నడిపేంత సొంత వాక్యూమ్ ఉండదు, దానికి విడిగా పంపు ఉంటుంది. ఆ పైపులు కూడా పగిలిపోయి ఉన్నాయి, మార్చాను. పెడల్ తేలికైంది.

టైర్లు చూడ్డానికి కొత్తవిలా ఉన్నా, పక్కన అచ్చువేసిన నాలుగంకెల తేదీ చూస్తే వయసు తెలిసింది. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాట్లు లోతుగా ఉన్నా సరే, రబ్బరు గట్టిపడితే మార్చాల్సిందే. మార్చేశాం.

అక్టోబర్: కరెంటు

అక్టోబర్ అంటే ఇక్కడ అందరికీ తుపాను గుర్తొస్తుంది. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ. ఉద్దానంలో మా పిన్ని వాళ్లింట్లో ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్ ఛార్జింగ్ కోసం జనం జనరేటర్లున్న చోటికి నడిచి వెళ్లారు. అందుకే ఈ బండిలో కరెంటు పనిని విహారం కోసం మాత్రమే చూడలేదు. అవసరం పడితే ఒక ఇంటికి దీపం, ఫ్యాను, ఫోను నడపగలగాలి.

పాత వైరింగ్ అంతా పీకేశాను. ఇళ్లలో వాడే ఒంటి తీగ వైరు, మెలి పెట్టి టేపు చుట్టిన అతుకులు. ఒంటి తీగ గోడలో బాగుంటుంది, బండి అదురుకి విరుగుతుంది. సన్నటి పోగులున్న, తగరం పూసిన రాగి వైరు తెప్పించాను, ఉప్పు గాలికి చిలుము పట్టదు. ప్రతి చివరకి లగ్గు వేసి నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను.

వైరు మందం ఎంచుకునే ముందు లెక్క చేయాలి. 12 వోల్టుల ఫ్రిజ్ 5 ఆంపియర్లు తీసుకుంటుంది, వైరు వెళ్లి రావడానికి మొత్తం 12 మీటర్లు. 2.5 చదరపు మి.మీ. వైరు వేస్తే దారిలోనే 0.4 వోల్టు పోతుంది. 6 చదరపు మి.మీ. వేస్తే 0.17 మాత్రమే. ఇంటి 230 వోల్టుల్లో ఈ తేడా ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో మాత్రం బ్యాటరీ కొంచెం దిగగానే ఫ్రిజ్ ఆగిపోతుంది, మనం ఫ్రిజ్‌ని తప్పుబడతాం.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు, అంటే 1280 వాట్ అవర్లు. రోజుకి ఫ్రిజ్‌కి ఒక 600, రెండు చిన్న ఫ్యాన్లకి రాత్రంతా 400, దీపాలు, నీళ్ల పంపు, ఫోన్లు కలిపి 150. కప్పు మీద 400 వాట్ల సోలార్, ఎండ రోజున ఈ లెక్కకి మించి ఇస్తుంది. మబ్బు రోజున ఇవ్వదు, దానికోసం బండి నడుస్తుంటే డైనమో నుంచి కూడా ఎక్కాలి. డైనమోని నేరుగా లిథియం బ్యాటరీకి కలపకూడదు. ఆ బ్యాటరీ ఇచ్చినంతా తాగేస్తుంది, పాత డైనమో పూర్తి బరువు మీద గంటలకొద్దీ తిరిగి కాలిపోతుంది. మధ్యలో 20 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాను, అంతకుమించి లాగనివ్వదు. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే పెద్ద ఫ్యూజు.

ఏసీ పెట్టమని చాలామంది అన్నారు. ఒక టన్ను ఏసీ వెయ్యి వాట్లకి పైన తీసుకుంటుంది, ఈ బ్యాటరీ గంటకి మించి నడపదు. అంత కరెంటు కోసం బ్యాటరీలు, బరువు, ఖర్చు పెంచుకోవడం కంటే కప్పుకి వేసిన నురగ షీటు, ఎదురెదురు కిటికీలకి దోమతెరలు, మంచి ఫ్యాన్లు చాలు.

సోలార్ పలకలని బోల్టులతో బిగించలేదు. కప్పు అంచు గాడికి పట్టుకునే బిగింపులు చేయించాను. జూన్లో మూసిన బెజ్జాలు మళ్లీ తెరవడం ఇష్టం లేదు. పలకల కింద గాలి ఆడుతుంది, కప్పుకి నీడ కూడా.

నవంబర్: గ్యాస్, బరువు

5 కిలోల సిలిండర్ వేరే డబ్బాలో పెట్టాను. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి ఆ డబ్బా అడుగున బయటికి తెరుచుకునే బెజ్జం తప్పనిసరి. పైన పెట్టిన గాలి కన్నం దీనికి పనికిరాదు. సురక్ష గొట్టం కొత్తది, సబ్బు నీళ్లతో ప్రతి బిగింపూ చూశాను.

నీళ్ల ట్యాంకు 80 లీటర్లు. నిండితే 80 కిలోలు, అది వెనక చక్రాల ఇరుసు దాటి వెనక్కి ఉంటే ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ ఊగుతుంది. ఇరుసుకి ముందుకి జరిపాం.

అన్నీ ఎక్కించాక టెక్కలి వెళ్లాం. నీలి గ్రానైట్ దిమ్మలు తూచే కాటాలు అక్కడున్నాయి. ముందు ఇరుసు విడిగా, వెనక ఇరుసు విడిగా, తర్వాత మొత్తం. ట్యాంకు నిండా నీళ్లు, గ్యాసు, బియ్యం, అమ్మానాన్నలతో సహా తూచినా ఆర్సీలో రాసిన మొత్తం బరువుకి లోపే ఉన్నాం. కాటా మనిషి అమ్మని కూడా లోపలే కూర్చోమన్నప్పుడు, “నన్ను కూడా తూస్తారేటి!” అని ఆశ్చర్యపోయింది. బండిని ఇల్లుగా మార్చేవాళ్లు తప్పకుండా ఈ పని చేయాలి. టేకు చెక్క అల్మరాలు, ఇనుప మంచాలు పెట్టేస్తే కమాన్ కట్టలూ బ్రేకులూ మోయలేనంత బరువు మనకి తెలియకుండానే చేరిపోతుంది.

డిసెంబర్: సుంకి ఘాట్

చిలకపాలెం దగ్గర హైవే దిగి రాజాం, రామభద్రపురం మీదుగా సాలూరు. గతుకుల్లో అల్మరా తలుపులకి పెట్టిన గొళ్లేలు నిలిచాయి, గిన్నెలు చప్పుడు చేశాయి, వాటి మధ్య గుడ్డలు పెట్టాలి. సాలూరులో బావ ఎక్కాడు. అక్కడినుంచి 26వ నంబరు జాతీయ రహదారి మీద పి.కోనవలస దాటి ఘాట్ ఎక్కి ఒడిశాలో సుంకి. ముందు లారీలు, వెనక లారీలు.

టర్బో లేని ఇంజిన్, తొందరపెట్టకూడదు. రెండో గేరు, కొన్నిచోట్ల మూడు. వేడి ముల్లు మామూలు చోటు నుంచి కొంచెం పైకి వెళ్లి అక్కడే ఆగింది. పొగ పల్చగా ఉంది. పైన ఆగి, ఫిల్టర్ అడుగు కుళాయి విప్పితే శుద్ధమైన డీజిల్ తప్ప నీటి బొట్టు రాలేదు. నాకు ఆ రోజంతటికీ పెద్ద సంతోషం అదే. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాం. ఇంజిన్ పట్టి ఉంచుతుంటే బ్రేకుని తాకి వదలడం తప్ప తొక్కే పని పడలేదు. కిందికొచ్చాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాం, నాలుగూ సమానమైన వేడి. ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ లైనర్ పట్టేస్తున్నట్టు.

బావ దిగుతూ, “నా లారీకి కూడా ఆ నీళ్ల ఫిల్టరు పెట్టించు బావా” అన్నాడు. ఈ వారమే తెప్పిస్తున్నాను.

సంక్రాంతి ముందు

సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ మొదటి 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి, ముందు బండి పరీక్ష నెగ్గాలి. నెగ్గింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలు తారుమారయ్యే మార్పులు చేయకూడదు. అందుకే ఇంజిన్, చాసిస్, సీట్ల లెక్క, బండి కొలతలు వేటినీ మార్చలేదు. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు మొదట చూడాల్సింది ఆర్సీలో బండి రకం ఏమని రాసి ఉందో. స్కూల్ బస్సునో అంబులెన్స్‌నో కొని లోపల మంచాలు వేసుకుంటే తర్వాత చిక్కులు.

మిగిలిన పనులు కొన్ని ఉన్నాయి. వెనక ఇరుసు ఆయిల్ సీలు కొద్దిగా చెమ్మగిల్లుతోంది, పండగ తర్వాత మార్చాలి. కమాన్ కట్టల బుష్షులు కూడా అప్పుడే. నాన్న ఎక్కడానికి మెట్టు ఇంకో అరడుగు కిందికి దించి, పక్కన పట్టుకునే కమ్మీ పెట్టాలి, కొలతలు తీసుకున్నాను. మాఘంలో పూరీ. అంతకుముందు ఒకసారి అరసవల్లి దాకా వెళ్లి, ఒక రాత్రి బండిలోనే పడుకుని, అమ్మకి పరుపు ఎత్తు సరిపోయిందో లేదో చూడాలి.